జేబు డాకా, బల్లమీది డాకా?

మా అమ్మ పాడిన మంగళహారతులు లాప్‌టాప్‌లో భద్రం చేసుకున్నాను. ఇంటి స్పీకర్లలో పెడితే పాట వెనుక ఒకటే రొద. "ఇది అత్తయ్యగారి గొంతు కాదండీ!" అన్నది మా ఆవిడ.

అంకెలను నాదంగా మార్చే పరికరమే డాక్. జేబులో పట్టేది ఒకటి కొన్నాను. రొద పోలేదు. విసిగి చార్జరు ఊడదీశాను, పోయింది! దోషం డాక్‌ది కాదన్నమాట. చార్జరు వెంట వచ్చి, యూఎస్‌బీ తీగమీదుగా స్పీకర్లకు పాకిన రొద అది.

స్పీకర్లను టీవీకి తగిలించేవారికి ఆప్టికల్ ద్వారమున్న బల్లమీది డాకే మేలు. ఆ తీగ మోసేది వెలుతురునే కనుక రొదకు అటు దారి లేదు. ఫోనుకూ, ప్రయాణాలకూ చిన్నదే చాలు.

మేము మాత్రం చార్జరు తీసేసి వింటున్నాం. పైసా ఖర్చు లేదు, గొంతు అమ్మదే.