తరాలు మారుతున్నా... తరంగం అందేనా?

ఐదో తరం సెల్‌ సేవలపై ఆశలెన్నో... క్షేత్రస్థాయిలో అవరోధాలూ అన్నే

పాడేరు: సినిమా మొత్తం సెకన్లలో సెల్‌ఫోన్‌లోకి దిగుతుందట. పట్నంలోని వైద్యుడు పల్లెలోని రోగిని ఎదుట కూర్చోబెట్టుకున్నంత స్పష్టంగా పరీక్షిస్తాడట. నేలలో తేమ తగ్గగానే పొలంలోని మోటారు దానంతటదే తిరుగుతుందట. 5జీ నెట్‌వర్కు గురించి కొన్నేళ్లుగా వినవస్తున్న మాటలివి. వీటిలో అసత్యం లేదు. అయితే ఆ సాంకేతికత ప్రయోగశాలలో చేయగలిగినది ఒకటి, మన్యంలోని కొండవాలు గ్రామంలో చేయగలిగినది మరొకటి. ఈ రెంటి మధ్య అంతరం ఎందుకు ఏర్పడుతోంది? అది పూడాలంటే ఏం కావాలి? మరో తరం నెట్‌వర్కుపై చర్చ మొదలైన ఈ తరుణంలో ప్రతి గ్రామమూ అడగవలసిన ప్రశ్నలివి.

జిల్లాకు వచ్చింది... ఊరికి వచ్చిందా?

2022 అక్టోబరు 1న ఢిల్లీలో ప్రధాని నరేంద్ర మోదీ 5జీ సేవలను ప్రారంభించారు. అదే ఏడాది ముగిసేలోగా హైదరాబాద్‌, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాలకు అవి చేరాయి. దేశంలోని 776 జిల్లాల్లో 773 జిల్లాలకు 5జీ విస్తరించిందని 2025 తొలి నెలల్లో కేంద్రం ప్రకటించింది. ప్రపంచంలో ఇంత వేగంగా సాగిన విస్తరణలు అరుదు. కానీ జిల్లాల లెక్క వేరు, గ్రామాల లెక్క వేరు. జిల్లా కేంద్రంలో, ప్రధాన రహదారి వెంట కొన్ని టవర్లు పనిచేస్తున్నా ఆ జిల్లా జాబితాలో చేరుతుంది. కొండకు ఆవలి గూడెం ఆ లెక్కలో కనిపించదు.

నాలుగో తరం అనుభవమే ఇందుకు నిదర్శనం. దేశంలో 4జీ తొలిసారి 2012 ఏప్రిల్‌లో కోల్‌కతాలో మొదలైంది. తొమ్మిదేళ్ల తర్వాత కూడా, అంటే 2021 నవంబరులో, ఆంధ్రప్రదేశ్‌ సహా ఐదు రాష్ట్రాల్లోని 44 ఆకాంక్షిత జిల్లాల్లో 7,287 గ్రామాలకు సెల్‌ సేవలు అందించేందుకు కేంద్రం రూ.6,466 కోట్లతో ప్రత్యేక పథకం ఆమోదించవలసి వచ్చింది. నాటి ఉమ్మడి విశాఖ జిల్లా ఆకాంక్షిత జిల్లాల్లో ఒకటి. 2022 జులైలో మరో 24,680 గ్రామాలకు 4జీ చేర్చే బాధ్యతను రూ.26,316 కోట్ల అంచనాతో బీఎస్‌ఎన్‌ఎల్‌కు అప్పగించారు. నగరం ఐదో తరంలోకి అడుగిడుతున్న ఏడాదిలోనే ఇన్ని వేల పల్లెలు నాలుగో తరం కోసం ఎదురుచూశాయన్న మాట.

గరిష్ఠ వేగం వేరు... చేతికందేది వేరు

5జీకి ప్రమాణాలు నిర్దేశించింది ఐక్యరాజ్యసమితికి చెందిన అంతర్జాతీయ టెలికం సంఘం. దాని ప్రకారం ఆదర్శ పరిస్థితుల్లో గరిష్ఠ వేగం సెకనుకు 20 గిగాబిట్లు. చదరపు కిలోమీటరులో 10 లక్షల పరికరాలను కలపగలగాలి. సంకేతం చేరడంలో జాప్యం అత్యవసర సేవలకు ఒక మిల్లీసెకనుకు మించరాదు. ప్రకటనల్లో వినిపించేవి ఈ అంకెలే. అదే పత్రంలో మరో అంకె కూడా ఉంది. రద్దీ ప్రాంతంలో సాధారణ వినియోగదారుకు అందవలసిన వేగం సెకనుకు 100 మెగాబిట్లు. 2 జీబీల సినిమా మొదటి లెక్కన సెకనులోపే దిగితే, రెండో లెక్కన రెండున్నర నిమిషాలకు పైగా పడుతుంది. అదీ మంచి వేగమే. కాకపోతే ఒక టవరు సామర్థ్యాన్ని దాని పరిధిలోని వారంతా పంచుకోవాలి. పండగనాడు బంధువులంతా ఊరికి చేరి ఒకేసారి వీడియోలు తెరిస్తే ఎవరి వాటా వారికి తగ్గిపోతుంది.

దూరం కావాలా... వేగం కావాలా?

2022 జులై 26న మొదలై ఆగస్టు 1న ముగిసిన వేలంలో కేంద్రం రూ.1,50,173 కోట్ల విలువైన స్పెక్ట్రమ్‌ విక్రయించింది. అందులో 5జీకి ముఖ్యమైనవి మూడు: 700 మెగాహెర్ట్జ్‌, 3,300 మెగాహెర్ట్జ్‌, 26 గిగాహెర్ట్జ్‌. ఒక్కోదాని స్వభావం ఒక్కో తీరు. 700 మెగాహెర్ట్జ్‌ తరంగం పొడవు సుమారు 43 సెంటీమీటర్లు. చెట్లు, గోడలు దాటి చాలా దూరం వెళ్తుంది. 3,300 మెగాహెర్ట్జ్‌ తరంగం పొడవు 9 సెంటీమీటర్లు. 26 గిగాహెర్ట్జ్‌ తరంగం సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే. అది కొన్ని వందల మీటర్లకే పరిమితం. ఆకులు, గోడలు అడ్డువస్తే అక్కడే నీరసిస్తుంది.

అన్నీ 700లోనే నడపవచ్చు కదా అనిపిస్తుంది. చిక్కు ఇక్కడే ఉంది. ఆ బ్యాండులో చోటు తక్కువ. వేలంలో దాన్ని కొన్న ఏకైక సంస్థ జియో. దానికి ప్రతి సర్కిల్‌లో దక్కింది రాకకూ పోకకూ చెరో 10 మెగాహెర్ట్జ్‌ మాత్రమే. అదే సంస్థకు 3,300లో 100, 26 గిగాహెర్ట్జ్‌లో 1,000 మెగాహెర్ట్జ్‌ లభించాయి. ఒకటి ఊళ్లన్నీ కలిపే ఇరుకు బాట, మరొకటి రెండు వీధులకే పరిమితమైన విశాల రహదారి. నగరంలో టవర్లు పక్కపక్కనే ఉంటాయి కనుక విశాల రహదారి పనికివస్తుంది. ఇళ్లు కొద్దిగా, కొండలు ఎక్కువగా ఉన్నచోట అన్ని టవర్లు నిలిపితే పెట్టుబడి తిరిగిరాదు. పల్లెలకు 5జీ మందకొడిగా చేరడానికి మూలకారణం ఈ లెక్కే.

చెరువు పెద్దదే... తూము ఇరుకు

టవరు నుంచి ఫోను వరకే గాలిలో ప్రయాణం. టవరు నుంచి వెనక్కి సమాచారం ఫైబర్‌ తీగ ద్వారానో, మరో టవరుకు గురిపెట్టిన మైక్రోవేవ్‌ డిష్‌ ద్వారానో వెళ్లాలి. చెరువు ఎంత పెద్దదైనా తూము పట్టినంతే పొలానికి పారుతుంది. వెనుక ఫైబర్‌ లేని టవరుపై 5జీ పరికరం బిగించినా జరిగేది అదే. ఫోనుపై 5జీ గుర్తు కనిపిస్తుంది, వేగం మాత్రం పాతదే.

పంచాయతీలకు ఫైబర్‌ చేర్చే జాతీయ పథకానికి 2011లో ఆమోదం లభించింది. భారత్‌నెట్‌గా పేరు మారిన ఆ పథకానికి 2023 ఆగస్టులో రూ.1,39,579 కోట్లతో కొత్త రూపమిచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్‌ సంస్థ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగింది. తెలంగాణలో టీ-ఫైబర్‌ కోసం మిషన్‌ భగీరథ పైపులైన్ల కందకాలను వాడుకున్నారు. స్తంభాలపై తీగతో ఖర్చు తగ్గుతుంది, పని త్వరగా పూర్తవుతుంది. గాలివానకు స్తంభం కూలితే మాత్రం కరెంటుతోపాటు తీగ కూడా తెగుతుంది.

జాప్యం సంగతీ ఇంతే. ఫైబర్‌లో కాంతి ఒక మిల్లీసెకనులో సుమారు 200 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. సర్వరు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉంటే వెళ్లి రావడానికే 10 మిల్లీసెకన్లు పడుతుంది. సర్వర్లు జిల్లాకు చేరువగా వస్తే తప్ప ఒక మిల్లీసెకను మాట కాగితానికే పరిమితం.

కరెంటు పోతే కబురూ పోతుంది

టవరుకు నిరంతరం విద్యుత్తు కావాలి. సరఫరా ఆగితే బ్యాటరీలు కొన్ని గంటలు ఆదుకుంటాయి. ఆపైన డీజిల్‌ జనరేటరే దిక్కు. కొండదారిలో డీజిల్‌ మోసుకెళ్లడం ఖర్చుతో కూడిన పని. పైగా ఎక్కువ యాంటెన్నాలతో పనిచేసే 5జీ పరికరాలు పాతవాటికంటే ఎక్కువ విద్యుత్తు తీసుకుంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుపాను విశాఖను తాకినప్పుడు విద్యుత్తుతోపాటు సెల్‌ సేవలూ కుప్పకూలిన సంగతి ఉత్తరాంధ్ర మరువలేదు. సాయం కోసం ఫోను అత్యవసరమైన వేళకే నెట్‌వర్కు మూగబోయింది. తరం ఏదైనా బ్యాటరీ, ఇంధనం పట్ల శ్రద్ధ లేకపోతే ఫలితం అదే.

అన్ని 5జీలూ ఒకటి కావు

5జీని ఏర్పాటు చేసే పద్ధతులు రెండు. మొదటిది ఉన్న 4జీ వ్యవస్థను ఆసరా చేసుకొని 5జీ పరికరాలు జోడించడం. ఎయిర్‌టెల్‌ ఈ పద్ధతితో ఆరంభించింది. రెండోది మొత్తం వ్యవస్థను కొత్తగా నిర్మించడం. జియో ఈ దారి పట్టింది. మొదటి పద్ధతిలో 4జీ సిగ్నల్‌ సరిగా లేనిచోట 5జీ కూడా నిలబడదు. రెండో పద్ధతిలో ఫోను ఆ విధానానికి అనువైనదై ఉండాలి. ఫోను కొనేముందు అది ఏయే బ్యాండ్లలో పనిచేస్తుందో చూసుకోవడం అందుకే అవసరం. 5జీ ఫోన్ల ధరలు 2024 నాటికి రూ.10 వేల దరిదాపుల్లోకి వచ్చాయి. కూలీ కుటుంబానికి అదీ చిన్న మొత్తం కాదు.

పల్లెకు కావలసినది ఏమిటి?

సెల్‌ సిగ్నల్‌ ఇప్పుడు విలాసం కాదు. రేషన్‌ దుకాణంలో ఈ-పాస్‌ యంత్రంపై వేలిముద్ర సరిపోలాలన్నా, బ్యాంకు మిత్ర చేతిలోని యంత్రం డబ్బు ఇవ్వాలన్నా సిగ్నల్‌ తప్పనిసరి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ కూలీల హాజరును పని ప్రదేశం నుంచి రోజుకు రెండుసార్లు ఫొటోలతో యాప్‌లో నమోదు చేయాలన్న నిబంధన వచ్చింది. ఫొటో తీయడానికి సిగ్నల్‌ లేకున్నా ఫర్వాలేదు, పంపడానికి కావాలి. అది చేరకపోతే చేసిన పనికి కూలి ప్రశ్నార్థకమవుతుంది.

వీటిలో దేనికీ గిగాబిట్ల వేగం అక్కర్లేదు. కొన్ని కిలోబైట్లు, మహా అయితే కొన్ని మెగాబైట్లు చాలు. కావలసిందల్లా ప్రతిరోజూ, ప్రతిచోటా నిలకడగా అందే సిగ్నల్‌. మరో సంగతి. టవరు పదుల వాట్ల శక్తితో ప్రసారం చేస్తే, ఫోను పంపగలిగేది సుమారు వాటులో అయిదో వంతు. టవరు మాట మనకు వినిపించినా మన మాట టవరుకు చేరకపోవచ్చు. తెరపై రెండు గీతలు కనిపిస్తున్నా ఫొటో వెళ్లక తిరుగుతూ ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

అలాగని 5జీ పల్లెకు పనికిరాదని కాదు. ఇంటింటికీ తీగ లాగలేని ఊళ్లకు టవరు నుంచే బ్రాడ్‌బ్యాండ్‌ ఇచ్చే వెసులుబాటు దీనితో కలిగింది. 2023లో రెండు పెద్ద సంస్థలు ఆ సేవలు ప్రారంభించాయి. పాఠశాల, ఆరోగ్య ఉపకేంద్రం, సచివాలయం ఒకే టవరు ద్వారా మంచి వేగం పొందవచ్చు. టవరు వెనుక ఫైబర్‌, పక్కన విద్యుత్తు, పైన 700 మెగాహెర్ట్జ్‌ వంటి దూరగామి తరంగం ఉన్నప్పుడే ఇది ఫలిస్తుంది.

హక్కులు తెలుసుకోండి

* 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్‌ నిబంధనల మేరకు ఏ ప్రాంతంలో ఏ తరం సేవ ఉందో చూపే పటాన్ని కంపెనీలు తమ వెబ్‌సైట్లలో ఉంచాలి. సిమ్‌ మార్చేముందు మీ ఊరి పరిస్థితి అందులో చూసుకోండి.

* జిల్లాలో నెట్‌వర్కు 24 గంటలకు మించి స్తంభిస్తే పోస్టుపెయిడ్‌ వారికి అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడ్‌ వారికి గడువు పొడిగింపు ఇవ్వాలని అవే నిబంధనలు చెబుతున్నాయి.

* ఫిర్యాదుకు 198 నంబరుకు ఫోన్‌ చేయండి. నమోదు సంఖ్య తప్పక తీసుకోండి. పరిష్కారం కాకుంటే కంపెనీలోని అప్పీలు అధికారిని ఆశ్రయించవచ్చు.

* ట్రాయ్‌ మైస్పీడ్‌ యాప్‌తో వేగాన్ని కొలిచి, ఆ వివరాలను గ్రామసభ తీర్మానానికి జతచేస్తే వినతికి బలం చేకూరుతుంది.

ఆరో తరానికి ముందు...

2023 మార్చిలో భారత్‌ 6జీ దార్శనిక పత్రం వెలువడింది. అదే ఏడాది నవంబరులో అంతర్జాతీయ టెలికం సంఘం ఆరో తరానికి చట్రం ఖరారు చేసింది. 2030 ప్రాంతంలో ఆ సేవలు వస్తాయని అంచనా. స్వదేశీ పరిజ్ఞానంతో రూపొందిన బీఎస్‌ఎన్‌ఎల్‌ 4జీ 2025 సెప్టెంబరు 27న ప్రారంభమైంది. దాన్ని 5జీకి మార్చుకునే వీలుందని చెప్పడం మన్యం వంటి ప్రాంతాలకు ఊరటనిచ్చే మాట. అయితే తరం సంఖ్య పెరిగినంత మాత్రాన దూరం తగ్గదు. ఇకపై టవరు ప్రారంభోత్సవానికి వచ్చే ప్రజాప్రతినిధిని ఎన్నో తరమని కాదు, వెనుక ఫైబర్‌ ఉందా, కరెంటు పోతే ఎన్ని గంటలు నిలుస్తుంది, చివరి గూడెం దాకా అందుతుందా అని అడగాలి. సమాధానం రాతపూర్వకంగా తీసుకోవాలి.