వీడియో పాఠమునకు సిద్ధపడుట



వ్యవసాయ విషయములు చెప్పువారు పొలము గట్టునకు వచ్చి చెప్పుటయే మన ప్రాంతపు పూర్వాచారము. 1948లో విజయవాడ రేడియో కేంద్రము వెలసిన పిమ్మట వారి మాట మన యింటికే వచ్చెను గాని, మన ప్రశ్న అప్పటికప్పుడు వారికి చేరు దారి లేకపోయెను. 2020 మార్చిలో కరోనా కారణమున దేశమంతయు తలుపులు మూసికొన్నప్పుడు గట్టుమీది పాఠములును నిలిచినవి. నాటినుండి జూమ్, గూగుల్ మీట్ మొదలగు సాధనములతో నడచు వీడియో పాఠములు మన పల్లెలకును అలవాటైనవి. 1925లో స్థాపింపబడిన మార్టేరు వరి పరిశోధనా స్థానము పాలకొల్లునకు సమీపముననే యున్నను, శాస్త్రజ్ఞులు ఒక్క పూటలో పది గ్రామములు తిరుగజాలరు. వీడియోలో నన్ననో, పది గ్రామములవారును ఒక్కసారి వారి యెదుట కూర్చుండవచ్చును.

అయితే రేడియోకు మన మాట వినబడదు, వీడియోకు వినబడును. మన ప్రశ్నతోపాటు మన యింటి టీవీయు, వీధిలోని మోటారు సైకిలును అందరి చెవులకును చేరును. మర్యాద యనునది ఇచ్చట అలంకారము కాదు, అవసరము. ఇది మేము నష్టపడి నేర్చిన పాఠము.

కొంతకాలము క్రిందట సార్వా వరి పొట్టదశలో నుండగా సుడిదోమ గురించి యొక వీడియో పాఠము మేము నడిపితిమి. ఒక రైతు చేనిలో నిలిచి, ఫోను పైకెత్తి, పచ్చని చేనంతయు చూపెను. సుడిదోమ యుండునది ఆకుల కొనలయందు గాదు. నీటిమట్టమునకు కొంచెము పైన, దుబ్బుల మొదళ్లయందు. శాస్త్రజ్ఞుడు మొదళ్లను చూపుమని యడుగుచుండగనే వేరొక సభ్యుని యింట టీవీ మ్రోగసాగెను. ఆయన ఊరికి పెద్ద. మైకు కట్టివేయు మీట మా చేతిలోనే యున్నను, పెద్దవారి నోరు మూసినట్లగునేమో యని మొగమాటపడితిమి. ఆ రెండు నిమిషములలోనే శాస్త్రజ్ఞుడు చేనిలోని నీరు తీసివేయుమనియు, మందు మొదళ్లు తడియునట్లు కొట్టుమనియు చెప్పెను. రైతు విన్నది మందు పేరు మాత్రమే. ఆకులమీద కొట్టెను. వారము తిరుగకమునుపే పైరు సుళ్లు సుళ్లుగా ఎండెను. మందు డబ్బును, కూలి డబ్బును, గింజయు పోయినవి. ఆ దోషము పెద్దాయనది గాదు, రైతుది గాదు, మాది.

నాటినుండి మేము పాటించుచున్న పద్ధతిని మీకు మనవి చేయుచున్నాము.

ముందురోజు చేయవలసినది

ప్రశ్నను కాగితముపై వ్రాసికొనవలెను. వంగడము పేరు, నాట్లు వేసిన తేదీ, వేసిన ఎరువులు, ఇంతకుముందు కొట్టిన మందులు, చేనిలో నీరున్నదా లేదా యనునవి అందుండవలెను. కొట్టిన మందును దాచరాదు. సింథటిక్ పైరిథ్రాయిడ్ జాతి మందులవలన సుడిదోమ తగ్గుటకు మారు పెరుగును గనుక, ఆ సంగతి తెలియనిదే సరియైన సలహా రాదు. చేనిలో అచ్చటచ్చట కొన్ని దుబ్బులు తట్టి, దుబ్బునకు ఎన్ని దోమలున్నవో లెక్కించి వ్రాయవలెను. పగటి వెలుతురులో మొదళ్లకు దగ్గరగా ఫొటో తీసి ముందుగానే పంపుట మేలు. కొబ్బరికి సర్పిలాకార తెల్లదోమ పట్టినచో ఆకు అడుగుభాగమును చూపవలెను.

రాత్రియే ఫోను ఛార్జింగు పెట్టవలెను. లింకు తెరచుకొనుట తెలియనివారు ఇంటిలోని పిల్లలచేత ఒకమారు చూపించుకొనవలెను. ఇందులో చిన్నతనము లేదు.

పాఠము జరుగునప్పుడు

పది నిమిషములు ముందుగా చేరవలెను. తెరమీద ఫోను నంబరునకు మారుగా మీ పేరును, ఊరి పేరును కనబడునట్లు చేసికొనవలెను. వెలుతురు మీ మొగముమీద పడవలెను గాని వీపుమీద గాదు. పదిమంది ఒకచోట కూడినప్పుడు ఒక్క ఫోనే తెరవవలెను. రెండు తెరచినచో ఒకదాని ధ్వని మరియొకదానిలో దూరి కూతపెట్టును. బండి నడుపుచు పాఠము వినరాదు.

మాటాడనప్పుడు మైకు కట్టియుంచవలెను. మేము పాదిరిగారి బడిలో చదువునాడు చేయి యెత్తి, పంతులుగారు పిలిచిన పిదపనే నోరు విప్పెడివారము. నేడు ఫోనులోనే చేయి గుర్తు కలదు. దానిని నొక్కి, పిలుపు వచ్చువరకు నిదానించుడు. మైకు కట్టుట యెవరికిని అవమానము కాదు. మన సంఘపు మహాజనసభలో ఒకరు మాటాడుచుండగా తక్కినవారు ఊరకుందురు గదా! ఇదియు అట్టిదే.

నాటువేయునదియు, కలుపు తీయునదియు స్త్రీలే. దుబ్బు మొదలు వారికి తెలిసినంతగా మనకు తెలియదు. ఫోను మన చేతిలో నున్నంతమాత్రమున వారిని వెనుక కూర్చుండబెట్టరాదు; వారి ప్రశ్నయు వినవలెను.

ముగియునప్పుడు

సంఘములో తీర్మానము వ్రాసిన పిదప చదివి వినిపింతుము. అటులనే మందు పేరు, మోతాదు, నీటి కొలత, ఎచ్చట కొట్టవలెనో వ్రాసికొని, శాస్త్రజ్ఞునికి తిరిగి చదివి వినిపింపవలెను. ఆయన సరియన్న పిదపనే దుకాణమునకు వెళ్లవలెను. వినబడనిచో వినబడలేదని చెప్పుడు. తెలిసినట్లు తల యూపుట మర్యాద గాదు.

పాఠము నడుపువారికి ఒక మాట. పెద్దవారి మైకైనను అవసరమైనప్పుడు కట్టుడు; పిదప ఫోనుచేసి వినయముతో కారణము చెప్పుడు. మేమును ఆ పెద్దాయనతో జరిగినది చెప్పితిమి. ఆయన కొంతసేపు మౌనముగా నుండి, "అప్పుడే కట్టవలసినది, బాబూ" అనిరి. నేడు మా పాఠములలో మొదట మైకు కట్టుకొనువారు ఆయనయే.