మీకు తెలుసా? కొలత మారినా మైలు మాట పోలేదు

బెంగళూరులో తుమకూరు రోడ్డు మీద, దాసరహళ్లి దగ్గర ‘ఎయిత్ మైల్’ అనే కూడలి ఉంది. ఎనిమిది మైళ్లంటే దాదాపు 13 కిలోమీటర్లు. 1956 నాటి చట్టంతో మన దేశం మెట్రిక్ కొలతలకు మారింది. రోడ్డు పక్క రాళ్ల మీద మైళ్లు పోయి కిలోమీటర్లు వచ్చాయి. కూడలి పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇలాంటి ఇంగ్లిష్ పేర్లలోనే కాదు, మన తెలుగు మాటల్లోనూ అంతే. బైకు లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చినా దాన్ని ‘మైలేజీ’ అనే అంటాం. ఏదైనా ఘనత సాధిస్తే ‘మైలురాయి దాటారు’ అని మెచ్చుకుంటాం.

మైలు అనే మాట పుట్టింది నడకలోంచే. లాటిన్‌లో ‘మిల్లె’ అంటే వెయ్యి. కుడి ఎడమలు కలిపి ఒకటిగా లెక్కిస్తే, అలాంటి వెయ్యి అంగలే రోమన్ల మైలు!