ఆగడం నేర్చిన మగ్గం, ఆగని బండి

పిల్లలూ, సూర్యాపేట దగ్గర హైదరాబాద్–విజయవాడ హైవే పక్కన ఓ పావుగంట నిలబడి చూడండి. పెళ్లివారి బండి ఇన్నోవా. పేషెంటును హైదరాబాద్ తీసుకుపోయే బండి ఇన్నోవా. తిరుపతి మొక్కు తీర్చుకుని వచ్చే కుటుంబం ఇన్నోవాలోనే. లీడరు కారు వెనక వరుసగా పోయేవీ అవే. వాటి మధ్య ఎప్పుడో ఒకసారి రంగు వెలిసిన పాత క్వాలిస్ ఒకటి ఏపీ 24 నంబరు ప్లేటుతో కనిపిస్తుంది. ఏపీ 24 అంటే ఉమ్మడి నల్లగొండ జిల్లా నంబరు. 2016 దసరాకు జిల్లా మూడు ముక్కలైంది, సూర్యాపేటకు టీఎస్ 29 వచ్చింది, ఆ తర్వాత టీఎస్ పోయి టీజీ వచ్చింది. ఆ క్వాలిస్ మాత్రం నడుస్తూనే ఉంది.

ఇన్నోవా, క్వాలిస్ రెండూ టొయోటా బండ్లే. కిరాయి బండ్లు నడిపేవాళ్లను అడిగితే ఒకటే మాట: "టొయోటాకు ఢోకా లేదు సార్." ఎందుకు లేదు అని అడిగితే మాత్రం "జపానోళ్లది కదా" అని ఊరుకుంటారు. ఆ జవాబు నాకు ఎప్పుడూ చాలలేదు. జపానువాళ్ల ఇనుము వేరే ఇనుము కాదు. వాళ్ల డీజిలూ మన డీజిలే. మరి తేడా ఎక్కడుంది?

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక యంత్రంలో వెయ్యి భాగాలున్నాయి, వాటిలో ఏ ఒక్కటి చెడినా యంత్రం ఆగిపోతుంది అనుకోండి. ఒక్కో భాగం చాలా మంచిదే, వెయ్యిసార్లలో ఒక్కసారే మొరాయిస్తుంది. మరి మొత్తం యంత్రం మొరాయించకుండా పనిచేసే అవకాశం ఎంత? చాలామంది తొంభై తొమ్మిది శాతం అంటారు. 0.999ను వెయ్యిసార్లు హెచ్చవేసి చూడండి, 0.37 వస్తుంది. అంటే 37 శాతమే! అన్నీ మంచి భాగాలే, కలిపితే మాత్రం మూడింట రెండుసార్లు ఆగిపోయే యంత్రం.

మరలతో సహా లెక్కపెడితే ఒక కారులో భాగాలు సుమారు 30 వేలు. వాటిలో ప్రతిదీ చెడగానే బండి ఆగదనుకోండి, అద్దం మీట విరిగినా ఇంటికి చేరతాం. కానీ అన్నీ ముఖ్యమే అనుకుని లెక్క కట్టి చూద్దాం. ఒక్కో భాగం లక్షలో ఒకసారి చెడేదైతే మొత్తం బండి నిలబడే అవకాశం 74 శాతం. పదిలక్షల్లో ఒకసారి అయితే 97 శాతం. అందుకే బండి నమ్మకంగా నడవాలంటే "బాగానే ఉంది" అనే మాట చాలదు. అతి చిన్న భాగంలో అతి అరుదైన లోపాన్ని కూడా పుట్టిన చోటే పట్టుకోవాలి. ఆ పట్టుకునే పద్ధతి కారు ఫ్యాక్టరీలో పుట్టలేదు, మగ్గం దగ్గర పుట్టింది.

సకిచి టొయోడా 1867లో జపాన్‌లో ఒక వడ్రంగి ఇంట పుట్టాడు. ఊళ్లో ఆడవాళ్లు, వాళ్లలో తన తల్లి కూడా, చేతిమగ్గం మీద పడే కష్టం చూసి మగ్గాన్ని బాగుచేయడంలో పడ్డాడు. మన పోచంపల్లి, పుట్టపాక మగ్గాలు చూసినవాళ్లకు ఈ పని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పడుగులో ఒక్క పోగు తెగి, నేసేవారి కన్ను దాటిందంటే గుడ్డ పొడుగునా గీత పడుతుంది. చేతిమగ్గంలో అయితే మనిషి కన్ను, వేలు వెంటనే పట్టేస్తాయి. మరమగ్గానికి కన్నెక్కడిది? పోగు తెగినా టకటకా నేస్తూనే పోతుంది, గజాలకు గజాలు పాడుచేస్తుంది. అందుకని ప్రతి మగ్గం దగ్గరా ఒక మనిషి కాపలా నిలబడాలి.

సకిచి తన మగ్గాలకు ఆ కన్ను పెట్టాడు. 1924లో తయారైన జీ టైపు మగ్గంలో అదెలా పనిచేస్తుందో చూడండి. పడుగులోని ప్రతి పోగు మీదా ఒక సన్నని రేకు వేలాడుతుంది. పోగు బిగువుగా ఉన్నంతసేపు రేకు పైనే ఉంటుంది. పోగు తెగిందా, రేకు జారి కింద పడుతుంది, కదిలే భాగానికి అడ్డుతగులుతుంది, మగ్గం ఠక్కున ఆగిపోతుంది. పేక పోగు తెగినా ఆగిపోతుంది. కరెంటు కన్నులూ కంప్యూటర్లూ లేని రోజుల్లో ఇంత తేలికైన ఉపాయం! ఏ పోగు తెగిందో ఆ రేకే చూపిస్తుంది కాబట్టి వెతుకులాట కూడా ఉండదు. ఇక ఒక్క మనిషి పదుల మగ్గాలు చూసుకోవచ్చు. ఇంగ్లండులో మగ్గాల తయారీకి పేరుమోసిన ప్లాట్ బ్రదర్స్ కంపెనీ 1929లో లక్ష పౌండ్లకు ఆ మగ్గం హక్కుల కోసం ఒప్పందం చేసుకుంది. మరమగ్గాలు నేర్పిన దేశమే వచ్చి కొనుక్కుందన్నమాట.

సకిచి కొడుకు కీచిరో. కార్లు చేస్తానని పట్టుబట్టింది ఈయనే. ఇక్కడ మీరు బాగా వినాల్సిన సంగతి ఒకటుంది. టొయోటా మొదటి బండ్లు అస్సలు నమ్మకమైనవి కావు. 1935లో జీ1 అనే ట్రక్కును టోక్యోలో జనానికి చూపించాలని కరియా అనే ఊరి నుంచి నడుపుకుంటూ బయల్దేరారు. ప్రదర్శనకు పోయే బండే దారిలో స్టీరింగు భాగం విరిగి ఆగిపోయింది! బాగుచేసుకుని ఎలాగో చేరారు. అమ్మిన ట్రక్కులూ అలాగే రోడ్ల మీద ఆగేవి. ఎక్కడ ఆగితే అక్కడికి మనుషుల్ని పంపి బాగుచేయించడం, ఎందుకు విరిగిందో తెలుసుకుని ఫ్యాక్టరీలో ఆ భాగాన్ని మార్చడం, ఇదే వాళ్ల బడి. 1937లో టొయోటా మోటార్ కంపెనీ విడిగా ఏర్పడింది. ఇరవై ఏళ్ల తర్వాత, 1957లో, క్రౌన్ కారును అమెరికాకు పంపితే అక్కడి పొడవాటి హైవేల వేగానికి తట్టుకోలేకపోయింది. ఆ ఎగుమతులు ఆపుకుని, ఇంటికి వచ్చి, మళ్లీ మొదలుపెట్టారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తైచి ఓనో అనే ఇంజనీరు ఆ మగ్గం సూత్రాన్ని కార్ల ఫ్యాక్టరీకి తెచ్చాడు. బండ్లు కదిలే వరుస పక్కన ఒక తాడు ఉంటుంది. తన చేతిలోని పనిలో లోపం కనిపిస్తే మామూలు కార్మికుడు కూడా ఆ తాడు లాగవచ్చు. లాగగానే దీపం వెలుగుతుంది, పైవాడు పరుగున వస్తాడు, అప్పటికీ లోపం తేలకపోతే వరుస మొత్తం ఆగిపోతుంది. బయటివాళ్లకు ఇది పిచ్చిపనిలా కనిపించింది. నిమిషానికి ఇంత నష్టమని లెక్కలు కట్టే చోట కూలివాడి చేతికి ఆపే అధికారమా? నా దృష్టిలో ఆ కంపెనీ చేసిన అసలు గొప్ప పని ఇదే. ఏ ఇంజనూ దీనికి సాటిరాదు.

ఆగాక ఏం చేయాలి? "ఎందుకు" అని అయిదుసార్లు అడగమన్నాడు ఓనో. యంత్రం ఎందుకు ఆగింది? ఫ్యూజు పోయింది. ఎందుకు పోయింది? బేరింగుకు నూనె అందక బరువు పడింది. ఎందుకు అందలేదు? పంపు సరిగా తోడడం లేదు. ఎందుకు? పంపు ఇరుసు అరిగింది. ఎందుకు అరిగింది? వడపోత జాలీ లేదు, ఇనుపరజను లోపలికి పోయింది. మొదటి జవాబు దగ్గరే ఆగితే కొత్త ఫ్యూజు వేసి పంపిస్తాం, రేపు మళ్లీ వస్తుంది. అయిదో జవాబు దాకా పోతే ఒక్క జాలీతో సరిపోతుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. జపాన్ బండ్లు మనకు లారీల రూపంలోనూ పరిచయం. 1980లలో జపాన్ కంపెనీలతో కలిసి చిన్న లారీలు చేసేవి నాలుగు వచ్చాయి: డీసీఎం టొయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, మన ఆల్విన్ నిస్సాన్. ఆల్విన్ అంటే ఫ్రిజ్‌లూ వాచీలూ చేసిన హైదరాబాద్ ఆల్విన్. ఆ లారీల ఫ్యాక్టరీ జహీరాబాద్‌లో పెట్టారు, తర్వాత మహీంద్రా చేతికి పోయింది. మన సూర్యాపేట, కోదాడ మీదుగా పోయే 65వ నంబరు హైవే అటు జహీరాబాద్ మీదుగానే పుణె దాకా పోతుంది.

కార్ల సంగతికొస్తే, టొయోటా 1997లో కిర్లోస్కర్ వాళ్లతో కలిసి బెంగళూరు దగ్గర బిడదిలో కంపెనీ పెట్టి, 2000 జనవరిలో క్వాలిస్‌ను దించింది. అది కొత్త బండి కాదు, ఇండోనేషియాలో 1977 నుంచి తరాలు మారుతూ వచ్చిన కిజాంగ్. చూడ్డానికి డబ్బాలా ఉందని పట్నంవాళ్లు పెదవి విరిచారు. కానీ లోపల చూడండి: కింద లారీకి ఉన్నట్టు గట్టి ఛాసిస్, వెనక కమాన్ కట్టలు, 2446 సీసీ డీజిల్ ఇంజను. అంత ఇంజను నుంచి తీసుకున్న శక్తి 75 హార్స్‌పవరే. లోహాల మీద ఒత్తిడి తక్కువ, వేడి తక్కువ, అరుగుదల తక్కువ. ఏళ్లతరబడి ఇండోనేషియా పల్లె రోడ్ల మీద నలిగి లోపాలు తీరిన బండి మన రోడ్ల మీదికి వచ్చింది. 2005లో దాని స్థానంలో ఇన్నోవా దిగింది: 2494 సీసీ, 102 హార్స్‌పవర్, డీజిల్‌ను వెయ్యి వాతావరణాలకు మించిన ఒత్తిడితో వెంట్రుకంత సన్నని రంధ్రాల్లోంచి చిమ్మే ఇంజెక్టర్లు. బలం పెరిగింది, దాంతోపాటు సుకుమారమూ పెరిగింది. నీళ్లు కలిసిన డీజిల్, కిరోసిన్ కల్తీ డీజిల్ క్వాలిస్ ఓర్చుకున్నంతగా ఇన్నోవా ఓర్చుకోదు.

మిర్యాలగూడ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నాగార్జునసాగర్ ఎడమకాలువ నీళ్లతో పండిన వడ్లు మిల్లులకు చేరే ఊరు అది. సీజన్లో మిల్లుల దారుల్లో గాలే వేరు, ఊక దుమ్ము తేలుతుంటుంది. ఆ దారుల్లో తిరిగే ఒక బండి ఎయిర్ ఫిల్టరును నాకు తెలిసిన మేస్త్రి ఒకాయన విప్పి చూపించాడు. మడతల నిండా గోధుమరంగు పొడి. నేలకు తట్టితే గుప్పెడు రాలింది. "గింత దుమ్ము మింగినంక ఇంజను ఏం గావాలె సార్?" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఊకను కాలిస్తే దాని బరువులో సుమారు అయిదో వంతు బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా. గాజుకు, ఇసుకకు మూలమైన పదార్థమే అది. ఇంజనులో పిస్టను రింగుకూ సిలిండరు గోడకూ మధ్య ఉండే నూనె పొర మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో ఉంటుంది. అందులో సిలికా నలుసు పడితే ఆకురాయితో రుద్దినట్టే. రెండున్నర లీటర్ల ఇంజను నిమిషానికి రెండువేల చుట్లు తిరిగితే రెండున్నర వేల లీటర్ల గాలి పీలుస్తుంది, టర్బో ఉంటే ఇంకా ఎక్కువ. ఆ గాలి మొత్తానికీ కాపలా ఆ కాగితం ఫిల్టరు ఒక్కటే. ఓనో అయిదో జవాబు గుర్తుందా? ఆ జాలీయే ఇది.

మా మనవరాలు ఒకరోజు అడిగింది, "తాతా, మరి టొయోటా వాళ్లు తప్పే చేయరా?" అని. చేశారమ్మా, పెద్దవే చేశారు. 2009, 2010లలో కార్లు వాటంతటవే వేగం పుంజుకుంటున్నాయని అమెరికాలో గగ్గోలు పుట్టింది. పెడల్ కింద ఇరుక్కునే మ్యాట్లు, తొక్కాక వెనక్కి సరిగా రాని పెడళ్ల వల్ల లక్షలాది కార్లను వెనక్కి పిలిపించారు. అప్పటి కంపెనీ అధ్యక్షుడు అకియో టొయోడా, కీచిరోకు మనవడు, అమెరికా కాంగ్రెస్ ముందు నిలబడి క్షమాపణ చెప్పాడు. 2024 జనవరిలో ఇంకోటి బయటపడింది. డీజిల్ ఇంజన్ల శక్తి పరీక్షల్లో, అమ్మే బండిలోని సాఫ్ట్‌వేర్ కాకుండా వేరేది పెట్టి కొలతలు నున్నగా వచ్చేలా చూశారట. మన దేశంలో కూడా ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్స్ బండ్లు షోరూములకు పంపడం కొన్నాళ్లు ఆపారు. ఆ పని చేసింది టొయోటా ఇండస్ట్రీస్. సకిచి మగ్గాల కోసం 1926లో పెట్టిన కంపెనీయే అది. తెగిన పోగు దగ్గర మగ్గాన్ని ఆపిన ఇంటివాళ్లు కొలత దగ్గర ఆగలేకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

ఇంకొకటి కూడా కలగాపులగం చేయకండి. బండి రోడ్డు మీద ఆగకపోవడం వేరు, గుద్దుకుంటే మనిషిని కాపాడడం వేరు. పాత క్వాలిస్ ఎంత మొండిదైనా ఇప్పటి కార్లలోని రక్షణ ఏర్పాట్లు అందులో లేవు. అందులో పదిమందిని కుక్కి కోదాడ హైవే మీద వంద స్పీడులో పోవడం తెలివైన పని కాదు.

ఇక కొనేవాళ్లకు రెండు మాటలు. మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో సెకండ్ హ్యాండ్ ఇన్నోవాకు గిరాకీ ఎప్పుడూ ఉంది. మీటరులోని కిలోమీటర్లను చూసి మురిసిపోకండి, వాటిని తిప్పేవాళ్లున్నారు. సర్వీసు కాగితాలు అడగండి. ఎయిర్ ఫిల్టరు విప్పించి చూడండి, కింద ఛాసిస్‌కు తుప్పు పట్టిందేమో వంగి చూడండి. పాత 2.5 లీటర్ల ఇన్నోవా అయితే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారన్నది తప్పకుండా అడగండి. అది పిస్టన్లకూ వాల్వులకూ తాళం కలిపే రబ్బరు బెల్టు. పరుగులో తెగితే రెండూ ఢీకొని ఇంజను బాగా దెబ్బతింటుంది. 2016లో వచ్చిన క్రిస్టా డీజిల్ ఇంజనులో ఆ బెల్టుకు బదులు గొలుసు ఉంది. అమ్మేవాడు "గుర్తులేదు" అంటే, ఆ బెల్టు ఖర్చు ధరలో తగ్గించుకుని, ఇంటికి తెచ్చేముందే మార్పించుకోండి.