తుపాను రుతువు - తీరవాసుల జీవనం

గుంటూరు, ప్రకాశం జిల్లాల పేర్లు వినగానే మిరప కల్లాలు, పత్తి చేలు గుర్తుకు వస్తాయి. ఆ నల్లరేగడి మైదానానికి తూర్పు అంచున సముద్రమున్నదన్న సంగతి చాలామందికి కార్తికమాసంలోనే స్ఫురిస్తుంది. తొలి తీత పత్తి అమ్ముడై చేతిలో కాస్త డబ్బు ఆడే కాలమది. ఊళ్లకు ఊళ్లే బయలుదేరి సూర్యలంకలోనో, చీరాల దగ్గరి వాడరేవులోనో, ఒంగోలుకు తూర్పుననున్న కొత్తపట్నంలోనో సముద్రస్నానం చేస్తాయి. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో సూర్యలంక, వాడరేవు బాపట్ల జిల్లాలో చేరాయి. జిల్లా మారినా, వచ్చే జనం మాత్రం ఆ మెట్ట పల్లెలవారే.

ఈ రాకపోకలపై ఆధారపడి తీరంలో ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. వీరిలో అధికులు మత్స్యకారులు. పురుషులు వేటకు వెళితే, స్త్రీలు వేయించిన చేపలు, కొబ్బరిబొండాలు, పూజాద్రవ్యాలు అమ్ముతారు. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు యాంత్రిక పడవల వేటపై నిషేధం ఉంటుంది. వల ఒడ్డుకు చేరిన ఆ రోజులలో వేసవి సెలవులకు వచ్చే సందర్శకులే వారికి ఆసరా. అయితే అసలైన గిరాకీ కార్తికానిదే. ఏడాది ఖర్చుకు సరిపడా మిగులు ఆ కొద్ది వారాలలోనే సమకూరాలి.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. కార్తికం వచ్చే అక్టోబరు, నవంబరు నెలలే బంగాళాఖాతంలో తుపానుల కాలం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన పదివేలకు పైగా ప్రాణాలను బలిగొన్నది. 2010 మేలో లైలా, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటాయి. నిజాంపట్నం వద్ద తీరం లోపలికి వంగి ఉండటం, సముద్రం లోతు తక్కువగా ఉండటం వలన గాలి నెట్టిన నీరు పక్కకు పోలేక ఎత్తుకు లేస్తుంది. 1977 తరువాత కట్టిన తుపాను ఆశ్రయ భవనాలు, మెరుగైన హెచ్చరికలు ప్రాణనష్టాన్ని ఎంతగానో తగ్గించాయి. ప్రాణం దక్కుతున్నది; జీవనాధారం మాత్రం దక్కడం లేదు.

వాతావరణ మార్పు ఈ ముప్పును పెంచుతున్నది. భూమిపై పెరిగిన వేడిలో తొంభై శాతానికి పైగా సముద్రాలే గ్రహిస్తున్నాయి. వేడెక్కిన నీటి మీద తుపానులు త్వరగా బలపడతాయి. అంటే హెచ్చరికకూ, విపత్తుకూ నడుమ వ్యవధి తగ్గుతుంది. 1901, 2018 సంవత్సరాల మధ్య ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. దీనికి తోడు మరొక విచిత్రమున్నది. 1967లో ప్రారంభమైన నాగార్జునసాగర్ కుడికాలువ నీరు ఈ మైదానంలో మిరపకూ, పత్తికీ ప్రాణం పోసింది. అదే జలాశయం, దానికి ఎగువన శ్రీశైలం, కృష్ణ తెచ్చే ఒండ్రును ఆపివేయడంతో డెల్టా తీరం పలుచోట్ల కోతకు గురవుతున్నది.

గోడ కడితే సరిపోతుందని పలువురు భావిస్తారు. కాని ఉప్పాడ వద్ద వేసిన జియోట్యూబు గోడను కూడా అలలు దెబ్బతీశాయి. పైగా ఒకచోట అడ్డుకున్న కోత పక్క ఊరి మీద పడుతుంది. ప్రకృతి కట్టిన గోడ ఇసుక దిబ్బ. 'రావణుని మీసాలు' అనే గడ్డి, నేలపై పాకే తీగలు ఇసుకను పట్టి నిలుపుతాయి. సముద్రం కనబడాలని దిబ్బను చదును చేసి విడిది గదులు కట్టడమంటే, ఆ గదుల ముందున్న రక్షణను తీసివేయడమే. వాటి వెనుక సరుగుడు తోపులు, నిజాంపట్నం వైపు బురద నేలల్లో మడ అడవులు గాలి, అలల వేగాన్ని తగ్గిస్తాయి. దుకాణాలు దిబ్బకు లోపలివైపు ఉండాలి. విప్పి తరలించడానికి వీలైన బండ్లయితే మరీ మేలు.

నష్టం ఎవరు భరించాలన్న ప్రశ్న ఈ తీరానికి కొత్తది కాదు. తుపానులో పగిలిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకునే ఆచారాన్ని కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి అభయశాసనం ద్వారా మాన్పించాడు. సుంకం మినహా తక్కిన సరుకు వర్తకునికే దక్కేటట్లు చేశాడు. నేటి విపత్తు సహాయ నిబంధనలలో పంటలకు, పడవలకు, వలలకు సహాయమున్నది. తుపాను మింగిన కార్తిక గిరాకీకి ఆ పట్టికలో చోటు లేదు. పైగా ఆ వానకే చేలో పత్తి తడిసి రంగు మారుతుంది. నీరు నిలిచిన మిరప మొక్కలకు వేరుకుళ్లు సోకుతుంది. మెట్టన రైతు నష్టపోతే తుపాను వెలిసినా తీరానికి సందర్శకులు రారు.

అందుచేత కొద్ది వారాల ఆదాయాన్నే నమ్ముకోకుండా, శీతకాలపు సెలవులకు, వేసవి సాయంకాలాలకు గిరాకీని విస్తరించుకోవాలి. మంచి ఈత తెలిసిన మత్స్యకార యువకులను శిక్షణనిచ్చి ప్రాణరక్షకులుగా నియమిస్తే, సందర్శకులకు రక్షణ, వారికి నెలవారీ జీతం లభిస్తాయి. కార్తికపు మిగులులో కొంత స్త్రీల పొదుపు సంఘాలలో విపత్తు నిధిగా నిలువ ఉంటే, తుపాను వెలిసిన మరునాడు వడ్డీ వ్యాపారి వద్దకు పోకుండానే దుకాణం తిరిగి తెరవవచ్చు.