మన ఊరి సూర్య గడియారం మనమే గీసుకుందాం

ఈసారి లెక్కల పుస్తకంలోని ఒక పాఠాన్ని మేడ మీది ఎండలోకి తీసుకుపోదామని ఈ వ్యాసం రాస్తున్నాను. కంప్యూటరులో గీతలు గీయడం వచ్చిన పిల్లలు, పక్కన కూర్చుని ఇది చదివి వినిపించే పెద్దలు ఉంటే చాలు. కావలసిన సామానుకు పెద్ద ఖర్చు లేదు.

నేను ఉండేది హోసూరు. మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె సెప్టెంబరు చివరి వారంలో బడి ప్రదర్శన కోసం సూర్య గడియారం చేసింది. ఇంటర్నెట్టులో దొరికిన బొమ్మను ప్రింటు తీసి, అట్టకు అతికించి, మధ్యలో త్రికోణం నిలబెట్టి, ఉత్తరం వైపు తిప్పి పెట్టింది. పని శుభ్రంగా ఉంది. కానీ మధ్యాహ్నం మూడు దాటాక చూస్తే చేతి గడియారం కంటే పావుగంట పైగా ముందుంది. "తాతా, ఇది ఇంటర్నెట్టులోదే కదా, తప్పెట్లయింది?" అని నా దగ్గరికి తెచ్చింది. త్రికోణం వాలును కోణమానినితో కొలిచాను. యాభై ఒకటిన్నర డిగ్రీలు! అది లండన్ నగరపు అక్షాంశం. బొమ్మలో తప్పు లేదు. అది మన ఊరికి గీసింది కాదు, అంతే.

సూర్య గడియారంలో నీడనిచ్చే ముల్లు భూమి అక్షానికి సమాంతరంగా, అంటే ధ్రువ నక్షత్రం వైపు చూస్తూ ఉండాలి. అప్పుడే ఏ నెలలోనైనా ఒకే గంటకు నీడ ఒకే గీత మీద పడుతుంది. ధ్రువ నక్షత్రం ఏ ఊళ్ళో ఎన్ని డిగ్రీల ఎత్తున కనిపిస్తుందో అదే దాదాపుగా ఆ ఊరి అక్షాంశం. లండన్‌లో యాభై ఒకటిన్నర, హోసూరులో పన్నెండు ముప్పావు. (ఇంత కింద ఉంటే ఇళ్ళు, చెట్లు అడ్డం వచ్చి మనకు చుక్క కనపడడమే కష్టం.) నిలువుగా పాతిన కర్ర ఎందుకు పనికి రాదని కొందరు అడుగుతారు. మన పాఠకులున్న ఊళ్ళన్నీ కర్కట రేఖకు దక్షిణాన ఉన్నాయి. ఏడాదికి రెండు రోజులు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. బెంగళూరులో ఏప్రిల్ 24, ఆగస్టు 18 ప్రాంతాల్లో ఇది జరుగుతుంది. ఆ క్షణాన నిలువు కర్రకు నీడే ఉండదు. మిగిలిన రోజుల్లో కూడా ఒకే గంటకు దాని నీడ దిక్కు నెల నెలకూ మారిపోతుంది.

లండన్ బొమ్మను హోసూరులో చదునుగా పెడితే ఏమవుతుందో లెక్క వేశాను. సూర్యుని ప్రకారం మధ్యాహ్నం మూడైనప్పుడు అది సెప్టెంబరులో సుమారు మూడున్నర చూపిస్తుంది. జూన్ నెలలో నాలుగున్నర! జనవరిలోనైతే మూడుకు పది నిమిషాలు తక్కువ. ఇన్ని నిమిషాలు కలుపు, ఇన్ని తీసివెయ్యి అని సర్దుకోవడానికి వీలు లేని తప్పు ఇది.

అయినా గీసింది పారేయనక్కర లేదని ఆ పిల్లకు చెప్పాను. దక్షిణం అంచు కింద ఇటుకలు పెట్టి పలకను 38 ముప్పావు డిగ్రీలు పైకి లేపింది. రెండు అక్షాంశాలకూ ఉన్న తేడా అంతే కదా. ముల్లు ధ్రువం వైపు తిరిగింది, గడియారం దారికి వచ్చింది. కానీ ఇప్పుడు పది, పదకొండు నిమిషాలు వెనుకబడి నడుస్తోంది! అది ఎందుకో తెలియాలంటే రేఖాంశం సంగతి చూడాలి.

అక్షాంశం, రేఖాంశం అనే మాటలు కన్నడ, మరాఠీ బడుల్లో చదివే మన పిల్లలకు కొత్తవి కావు, అక్కడా అవే. తమిళంలో చదివేవాళ్ళకు అట్చరేగై, తీర్కరేగై అంటే తెలుస్తుంది. మన దేశమంతటికీ ఒకటే సమయం 1906లో అమలులోకి వచ్చింది. దానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. సూర్యుడు ఒక డిగ్రీ దాటడానికి 4 నిమిషాలు పడుతుంది. యానాం రేఖాంశం 82.2, కాబట్టి అక్కడ తేడా ఒక్క నిమిషమే. ఆ విషయంలో యానాం పిల్లలు అదృష్టవంతులు. చెన్నైలో సూర్యుడు గడియారం కంటే 9 నిమిషాలు వెనుక, హోసూరులో 19, బెంగళూరులో 20, షోలాపూరులో 26, ముంబయిలో 39. బరంపురం ఆధార రేఖకు తూర్పున ఉంది కనుక అక్కడ 9 నిమిషాలు ముందు. ముంబయిలో 1955 దాకా పాత బొంబాయి సమయం కూడా వాడుకలో ఉండేది. అది దేశ సమయానికి సరిగ్గా ఈ 39 నిమిషాలే వెనుక!

ఒకే పత్రిక చదువుతున్నా మన ఇళ్ళలో ఏ రెండు ఊళ్ళకూ ఒకే గడియారం కుదరదు. ఒకప్పుడైతే ఈ లెక్కలన్నీ చేత్తో కట్టాలి. ఇప్పుడు లెక్క పట్టికలో రెండు అంకెలు మారిస్తే చాలు.

ఇక గీయడం. చదునుగా పెట్టే గడియారానికి సూత్రం ఇది: టాన్ (గీత కోణం) = సైన్ (అక్షాంశం) × టాన్ (15 × గంటలు). గంటలంటే మధ్యాహ్నం నుంచి ఎన్ని గంటలు అని. దీనితో హోసూరుకు గీసి చూడండి, ఒక చిక్కు కనిపిస్తుంది. పన్నెండు గీతకూ ఒంటిగంట గీతకూ మధ్య లండన్‌లో సుమారు 12 డిగ్రీలుంటే మనకు మూడున్నర కూడా రాదు. అదే అయిదుకూ ఆరుకూ మధ్య యాభై డిగ్రీలు! మధ్యాహ్నం గీతలన్నీ ఒకదాని మీద ఒకటి ఇరుక్కుపోతాయి. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది ఈ రకమే గాని, మన దక్షిణాది ఊళ్ళకు నాకు ఇది నచ్చదు.

మనకు బాగా కుదిరేది ధ్రువ పలక గడియారం. ఇందులో పలకనే భూమి అక్షానికి సమాంతరంగా వాల్చి పెడతాం. ఉత్తరం అంచు అక్షాంశమంత లేస్తుంది. ముల్లు పలకకు పైన కొంత ఎత్తులో, పలకకు సమాంతరంగా, ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. గంటల గీతలన్నీ నిలువు గీతలే, ఒకదానికొకటి సమాంతరం. కోణాలు కొలిచే పనే లేదు. ముల్లు కింద నుంచి ప్రతి గీత ఎంత దూరమో తెలిస్తే చాలు: దూరం = ముల్లు ఎత్తు × టాన్ (గంటల కోణం).

రేఖాంశం సవరణను కూడా ఇందులోనే కలిపేయవచ్చు. గడియారం గంటలోంచి 12 తీసేసి 15తో గుణించండి. 82.5 లోంచి మీ ఊరి రేఖాంశం తీసేయగా వచ్చినదాన్ని అందులోంచి తగ్గించండి. అదే గంటల కోణం. హోసూరు రేఖాంశం 77.83, తేడా 4.67. మధ్యాహ్నం రెండు గంటలకు కోణం 30 లోంచి 4.67 పోగా 25.33. దాని టాన్ 0.473. ముల్లు ఎత్తు 40 మిల్లీమీటర్లు అనుకుంటే గీత 18.9 మిల్లీమీటర్ల దూరంలో పడుతుంది.

హోసూరుకు ఈ ఎత్తుతో వచ్చిన దూరాలు చూడండి. ముల్లుకు ఎడమ పక్కన 8 గంటలకు 84.5, 9కి 47.1, 10కి 27.7, 11కి 14.3, 12కి 3.3. కుడి పక్కన ఒంటిగంటకు 7.3, రెండుకు 18.9, మూడుకు 34.0, నాలుగుకు 57.8, అయిదుకు 111.9 మిల్లీమీటర్లు. ఉత్తరానికి ముఖం పెట్టి నిలబడితే ఎడమ పడమర అవుతుంది, పొద్దున నీడ అటే పడుతుంది. ఏడు గంటల గీత కాగితం దాటిపోతుంది కాబట్టి వదిలేశాను.

ఇక్కడ పిల్లలు తరచుగా చేసే తప్పులు రెండు. లెక్క పట్టికలో టాన్ అడిగితే కంప్యూటరు మనమిచ్చిన కోణాన్ని రేడియన్లు అనుకుంటుంది. డిగ్రీలను రేడియన్లలోకి మార్చే ప్రమేయం వాడకపోతే చిత్రమైన అంకెలు వస్తాయి. రెండవది, అట్లాసులో 12 డిగ్రీల 44 నిమిషాలు అని ఉంటే అది 12.44 కాదు. 44ను 60తో భాగించాలి, 12.73 అవుతుంది.

బొమ్మ గీయడానికి ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. లిబ్రె ఆఫీసులోని డ్రా కూడా ఉచితమే. డిటిపి చేసేవాళ్ళ ఇంట్లో కోరల్‌డ్రా ఉంటే అదీ సరిపోతుంది. పేజీని ఏ-ఫోర్ అడ్డంగా పెట్టి, కొలతలు మిల్లీమీటర్లకు మార్చండి. పేజీ వెడల్పు 297 కనుక మధ్య గీత 148.5 దగ్గర వస్తుంది. ఒక నిలువు గీత గీయండి. దానికి నకలు తీసి, పైన ఎక్స్ అని ఉన్న గడిలో 148.5కు మీ దూరం కలిపిన అంకె కొట్టండి. పొద్దుటి గీతలకు కలపకుండా తీసివేయాలి. మౌసుతో లాగి సుమారుగా పెట్టకండి, అంకెలే కొట్టండి. గంటల గీతలు లావుగా, అరగంటవి సన్నగా ఉంటే చదవడం తేలిక. అంకెలు తెలుగులో వేస్తారో, మీ బడి భాషలో వేస్తారో మీ ఇష్టం. ఆ అమ్మాయి పైన తమిళ అంకెలు, కింద తెలుగు అంకెలు వేసింది.

బొమ్మలో ఒక మూల సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత కూడా గీయండి. చాలా ప్రింటర్లు పేజీకి సరిపోయేలా బొమ్మను తమంతట తామే కొంచెం కుదించేస్తాయి. ప్రింటు వచ్చాక ఆ గీతను స్కేలుతో కొలవండి. 96 వస్తే మీ గీతలన్నీ కుదించుకుపోయినట్టే, 40 మిల్లీమీటర్ల ముల్లు వాటికి సరిపోదు. ప్రింటు ఆదేశంలో నూరు శాతం అని పెట్టి మళ్ళీ తీయండి.

ముల్లుకు సైకిలు చక్రం పుల్ల చాలా బాగుంటుంది. 18 సెంటీమీటర్లకు కోసి, రెండు చివర్లా చెక్క దిమ్మెలతో నిలపండి. పుల్ల నడిమధ్య నుంచి పలకకు 40 మిల్లీమీటర్లుండాలి. నీడ మధ్య భాగం చూసి గంట చదవాలి. సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ ఉంటుంది కనుక నీడ అంచు మసకగానే ఉంటుంది. ఒకటి రెండు నిమిషాల కంటే ఎక్కువ కచ్చితం ఈ పరిమాణంలో రాదు. జైపూరులో సవాయి జయసింహుడు 18వ శతాబ్దంలో కట్టించిన సమ్రాట్ యంత్రం ఎత్తు 27 మీటర్లు. అంత పెద్దది కట్టడం వల్లనే దాని మీద సెకన్ల లెక్కన చదవగలిగారు. దాని వాలు అంచు కూడా జైపూరు అక్షాంశానికే, సుమారు 27 డిగ్రీలకు ఉంటుంది. యానాం వాళ్ళు అన్నవరం వెళ్ళినప్పుడు కొండ మీది సూర్య గడియారాన్ని తీరికగా చూసి రండి.

పలకను వాల్చడానికి కోణమానిని కూడా అక్కర లేదు. కాగితం ఎత్తు 210 మిల్లీమీటర్లు. దాన్ని అక్షాంశం సైన్‌తో గుణిస్తే ఉత్తరం అంచు కింద పెట్టవలసిన చెక్క ఎత్తు వస్తుంది. హోసూరుకు 46 మిల్లీమీటర్లు, మదురైకి 36, యానాంకు 60, ముంబయికి 68, బరంపురానికి 69.

ఉత్తర దిక్కును సెల్‌ఫోను దిక్సూచితో పెట్టకండి, పక్కన ఇనుము ఉంటే అది తప్పు చెబుతుంది. సూర్యసిద్ధాంతంలో చెప్పిన పాత పద్ధతి చాలా మంచిది. సమతలంగా ఉన్న చోట నిలువు పుల్ల పెట్టి, దాని చుట్టూ వృత్తం గీయండి. పొద్దున నీడ కొన వృత్తాన్ని తాకిన చోట ఒక గుర్తు, సాయంత్రం మళ్ళీ తాకిన చోట ఒక గుర్తు పెట్టండి. రెండూ కలిపితే తూర్పు పడమరల గీత, దానికి లంబం ఉత్తర దక్షిణాలు. ఒక ఆదివారం పడుతుంది. సూర్యుని వంక మాత్రం నేరుగా చూడనివ్వకండి.

ఇంత చేసినా నిమిషాలు పూర్తిగా కలవవు. భూమి కక్ష్య సరైన వృత్తం కాదు, అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉంది. ఈ రెండింటి వల్ల సూర్యుడు ఏడాది పొడవునా ఒకే నడక నడవడు. ఫిబ్రవరి రెండవ వారంలో సూర్య గడియారం 14 నిమిషాలు వెనుక ఉంటుంది. మే నడిమికి దాదాపు 4 ముందు, జూలై చివర ఆరున్నర వెనుక, నవంబరు మొదటి వారంలో 16 ముందు. ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబరు 1, డిసెంబరు 25 ప్రాంతాల్లో తేడా ఉండదు. ఈ అంకెలను బొమ్మ కింద చిన్న పట్టికగా ప్రింటు చేసుకోండి. ప్రదర్శన నాటి పది నిమిషాల సంగతి కూడా ఇప్పుడు తేలిపోతుంది. రేఖాంశం వల్ల 19 వెనుక, సెప్టెంబరు చివర సూర్యుని నడక వల్ల 8 ముందు.

ఇంక్‌జెట్ ప్రింటు ఎండకు కొద్ది నెలల్లోనే వెలిసిపోతుంది. గడియారం సరిగా నడుస్తోందని రెండు మూడు వారాలు చూసుకున్నాక, కార్బన్ కాగితం పెట్టి గీతలను ప్లైవుడ్ మీదికి దించి ఎనామెల్ రంగు వేసుకోవచ్చు.

అక్టోబరులో ఆ అమ్మాయి ఈ లెక్క ప్రకారం తనే కొత్త బొమ్మ గీసి, వాళ్ళ నాన్నతో కలిసి మేడ మీద బిగించింది. నవంబరు మూడో తేదీ పొద్దున ఫోను చేసింది. "తాతా, మనది పదహారు నిమిషాలు ముందు పోతా ఉంది!" అంది. ఎంత ఉండాలో సరిగ్గా అంతే ఉందమ్మా అన్నాను.