ట్రాక్టరు రేడియేటరులో పోయు కూలెంటు: ఎన్నుకొనుట, కలుపుట

రైతు సదస్సులలో ట్రాక్టరు పోషణను గూర్చి మాట్లాడినప్పుడెల్ల తప్పక వచ్చు ప్రశ్న యొకటి కలదు. “రేడియేటరులో పచ్చది పోయవలెనా, ఎర్రది పోయవలెనా? పచ్చది సగముండగా ఎర్రది కలిపిన ఏమగును?” అని అడుగుదురు. కొందరు ఇంకొక అడుగు ముందుకు వేసి, “మన దేశములో నీరు గడ్డకట్టదు గదా, ఈ రంగు నీళ్ళకు డబ్బు తగలేయుట యెందుకు? బోరు నీరు చాలదా?” అని కూడ అడుగుదురు.

ప్రశ్న చిన్నదే గాని దాని ఫలితము చిన్నది కాదు. నారు ముదురుచుండగా, కాలువ నీరు వంతు వచ్చిన దినముననే, దమ్ములో దిగిన ట్రాక్టరు వేడెక్కి పొలములో నిలిచిపోయినచో పోవునది ఇంజను మాత్రమే కాదు, అదునుకూడ పోవును. ఇట్టి నష్టములలో అనేకము రేడియేటరులో ఏమి పోయుచున్నామో తెలియక పోయుటవలన కలుగునవే. కావున ఈ విషయమును మొదటినుండి తెలిసికొనుట మేలు.

కూలెంటు చేయు పని

ఇంజనులో కాలిన డీజిలునుండి పుట్టు శక్తిలో ఇంచుమించు మూడవ వంతు మాత్రమే పనికి వచ్చును. మరియొక మూడవ వంతు పొగగొట్టము ద్వారా పోవును. తక్కిన దానిలో అధిక భాగమును సిలిండరుల చుట్టును తిరుగు ద్రవము గ్రహించి, రేడియేటరుకు తెచ్చి గాలికి వదలవలెను. ఈ ద్రవమే కూలెంటు. గాలితో చల్లబడు ఇంజనులు గల ట్రాక్టరులకు రేడియేటరు ఉండదు గనుక ఈ వ్యాసము వాటికి వర్తింపదు.

కూలెంటులో మూడు వస్తువులుండును. మొదటిది నీరు. రెండవది గ్లైకాల్, సాధారణముగా ఇథిలీన్ గ్లైకాల్ వాడుదురు. మూడవది తుప్పు పట్టనీయని మందులు. ఇవి మొత్తములో కొద్ది పాలే యుండును. అయినను కూలెంటు మంచి చెడ్డలను నిర్ణయించునవి ఇవే.

చలిదేశములలో గ్లైకాల్ నీరు గడ్డకట్టకుండ కాపాడును. మనకు ఆ ప్రయోజనముతో పని లేదు. మనకు కావలసినది దాని రెండవ గుణము. మామూలు నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడువద్ద మరుగును. సగము నీరు, సగము గ్లైకాల్ కలిపిన ద్రవము 107 డిగ్రీల వరకు మరుగదు. రేడియేటరు మూత బిగువుగా నుండి లోపల ఒత్తిడి నిలిచినచో ఈ హద్దు ఇంకను పైకి పోవును. వేసవి దుక్కిలో, ఎండ మాడ్చు మధ్యాహ్నవేళ, ఇంజనుకు ఈ అదనపు డిగ్రీలే రక్ష.

అట్లని గ్లైకాల్‌ను నీరు కలుపక పోయరాదు. వేడిని మోసికొనిపోవుటలో నీటిని మించినది లేదు. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు 4.2 కిలోజౌళ్ళ వేడి పట్టగా, ఒక కిలో గ్లైకాల్‌కు 2.4 మాత్రమే పట్టును. కనుక చిక్కగా పోసిన మేలు కలుగునని తలచుట పొరపాటు. సగపాలు చాలును.

రకములు మూడు

తుప్పు మందులను బట్టి కూలెంటులను ముఖ్యముగా మూడు తరగతులుగా విభజింపవచ్చును.

మొదటిది పాత తరహాది. ఇందు సిలికేట్లు, ఫాస్ఫేట్లు, నైట్రైట్లు మొదలగు ఖనిజ లవణములుండును. ఇవి లోహముపై పలుచని పొరగా ఏర్పడి త్వరగా రక్షణనిచ్చును. కాని త్వరగా ఖర్చగును. సుమారు రెండేండ్లకొకసారి మార్చవలసియుండును.

రెండవది సేంద్రియ ఆమ్లములతో చేసినది. ఇది లోహమంతటను పొర వేయక, తుప్పు మొదలగు చోటనే పని చేయును. అందుచే మెల్లగా ఖర్చగును. సాధారణముగా అయిదేండ్ల వరకు నిలుచును.

మూడవది ఈ రెండింటి కలయిక. సేంద్రియ ఆమ్లములకు తోడు, కొందరు తయారీదారులు సిలికేటును, కొందరు ఫాస్ఫేటును చేర్చుదురు. ఐరోపాలో నీరు కఠినమైనది గనుక అచ్చటివారు ఫాస్ఫేటును మానిరి. జపానువారు నీటిపంపు సీలు అరిగిపోవునని సిలికేటును మానిరి. ఎవరి అవసరమును బట్టి వారు చేసికొనిరి. ఈ రెండును మన బజారులో ప్రక్కప్రక్కనే అమ్ముడగుచున్నవి. చిక్కంతయు ఇచ్చటనే వచ్చినది.

రంగును నమ్మరాదు

కూలెంటుకు రంగు సహజముగా వచ్చినది కాదు. తయారు చేయువారు కలిపినది. కారుచున్న చోటు కనబడుటకును, త్రాగు నీరని భ్రమపడకుండుటకును రంగు వేయుదురు. ఏ రంగు ఏ రకమునకు అను కట్టుబాటు అన్ని కంపెనీలకు సమానముగా లేదు.

ఒక నిదర్శనము చూడుడు. జర్మనీ దేశపు వోక్స్‌వాగన్ వారి జి-12 అను కూలెంటు ఎర్రనిది; అందు సిలికేటు గాని, ఫాస్ఫేటు గాని లేదు. జపాను దేశపు టొయోటా వారి పాత రకము కూలెంటు కూడ ఎర్రనిదే. కాని అందు ఫాస్ఫేటు కలదు. రంగు ఒక్కటే, మందు వేరు. ఆ వోక్స్‌వాగన్ వారివే రెండు రకములు, నీలిపచ్చని జి-11ను ఎర్రని జి-12ను కలిపినచో ద్రవము గోధుమరంగుకు తిరుగును. అట్లు కలుపరాదని హెచ్చరిక కలదు. ఒకే ఇంటివే కలియనప్పుడు, వేర్వేరు ఇండ్లవానిని రంగు చూచి జతపరచుట ఎంత అపాయమో చెప్పనక్కరలేదు.

కనుక డబ్బామీద రంగును గాక వ్రాతను చూడవలెను. మొదట ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకములో ఏ ప్రమాణము వ్రాసియున్నదో చూచి, అదియే డబ్బామీద నున్నదేమో సరిపోల్చవలెను. కూలెంటులకు భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 5759. అమెరికా ప్రమాణములలో డి-3306 అనునది కార్లవంటి తేలిక బండ్లకును, డి-6210 అనునది భారీ డీజిలు ఇంజనులకును ఏర్పడినవి. “అన్ని బండ్లకు పనికివచ్చును” అని మాత్రమే వ్రాసి, ఏ ప్రమాణమును చెప్పని డబ్బాను కొనకుండుట మంచిది.

కారుకు పోసినది ట్రాక్టరుకు పనికివచ్చునా?

ఇప్పుడు అనేక కుటుంబములలో ట్రాక్టరు, కారు రెండును ఉన్నవి. కారుకు పోయగా మిగిలిన కూలెంటును ట్రాక్టరులో పోయుట పలుచోట్ల చూచుచున్నాము. ఇందొక ముప్పు దాగియున్నది.

అనేక ట్రాక్టరు ఇంజనులలో పిస్టను ఆడు లైనరుకు వెలుపలి ప్రక్క నేరుగా కూలెంటు తగులుచుండును. పిస్టను తాకిడికి లైనరు అదరుచుండును. ఆ అదురుకు ద్రవములో సన్నని బుడగలు పుట్టి, లైనరు గోడమీద పగులుచుండును. వేల గంటలు ఇట్లు జరిగినచో, చెదలు కొయ్యను తొలిచినట్లు, ఉక్కు గోడమీద గుంటలు పడును. కడకు చిల్లిపడి కూలెంటు ఇంజను నూనెలో దిగును. నూనె మజ్జిగ రంగుకు తిరిగినదనిన, లోనికి నీరు చేరినదని గుర్తు. దానికి గల కారణములలో ఇది యొకటి.

భారీ డీజిలు ఇంజనుల కూలెంటులో నైట్రైటు వంటి మందులు ఈ గుంటలు పడకుండ కాపాడుటకే చేర్చబడును. కార్లకై చేసిన కూలెంటులో ఆ మందు ఉండవలెనను నియమము లేదు. కావున పుస్తకము అనుమతించిననే తప్ప కారు డబ్బాను ట్రాక్టరులో వంచరాదు.

కలిపినచో ఏమగును?

జింకు సల్ఫేటును భాస్వరపు ఎరువుతో కలిపి వేయరాదని రైతులందరు ఎరుగుదురు. రెండును మంచివే. కాని కలిసినప్పుడు జింకు ఫాస్ఫేటుగా మారి, నీటిలో కరుగక, పైరుకు అందక పోవును. కూలెంటుల సంగతియు ఇట్టిదే. వేర్వేరు మందులు కలిసినప్పుడు రెండు విధముల కీడు కలుగవచ్చును.

మొదటిది కంటికి కనబడునది. సిలికేటువంటి మందులు ద్రవములో నిలువక, బంకగా లేక మడ్డిగా విడిపోవును. ఆ మడ్డి రేడియేటరు సన్నగొట్టములలో పేరుకొని ప్రవాహమును అడ్డగించును.

రెండవది కంటికి కనబడనిది. తరచుగా జరుగునదియు ఇదియే. ద్రవము తేటగానే యుండును, ఇంజను ఆ దినమున బాగుగనే నడుచును. కాని రెండు మందులును పలుచనై, ఏదియు పూర్తిగా పని చేయదు. అయిదేండ్లు నిలువవలసినది రెండేండ్లకే చెడును. కావున సీసాలో రెండు కూలెంటులను కలిపి ఒక దినము ఉంచి, మడ్డి రాలేదు గనుక మంచిదే అనుకొనరాదు. మడ్డి వచ్చినచో కలుపరాదని తెలియును; రానంత మాత్రమున కలుపవచ్చునని తెలియదు.

నీటి ఎంపిక

పప్పు ఉడకని, సబ్బు నురుగు రాని నీరు కఠిన జలము. ఇందు కాల్షియము, మెగ్నీషియము లవణములుండును. పలు మెట్ట ప్రాంతముల బోరు నీరు ఇట్టిదే. ఇది ఇంజనులో కాగినప్పుడు, నీళ్ళు కాచు గిన్నె అడుగున వలె, తెల్లని పెచ్చు కట్టును. ఆ పెచ్చు వేడిని దాటనీయదు. కూలెంటులో ఫాస్ఫేటు ఉన్నచో, ఈ కాల్షియముతో కలిసి మరింత మడ్డి యగును. కోస్తాలో ఉప్పు తేలిన నీటిలోని క్లోరైడు అల్యూమినియము భాగములను తినివేయును.

కావున చిక్కని కూలెంటులో కలుపుటకు బ్యాటరీలకు వాడు డిస్టిల్డు వాటరు శ్రేష్ఠము. అది ఖరీదైనది కాదు. కాలువ నీరు, బోరు నీరు పనికిరావు.

డబ్బా చిక్కనిదా, ముందుగానే నీరు కలిపినదా అనునది కూడ చదువవలెను. పది లీటరులు పట్టు రేడియేటరుకు చిక్కనిది అయిదు, నీరు అయిదు లీటరులు పోయవలెను. ముందే కలిపినదానిని ఉన్నదున్నట్లు పోయవలెను. దానికి మరల నీరు కలిపినచో గ్లైకాల్, మందులు రెండును సగమగును.

మట్టము తగ్గినప్పుడు

ఆవిరై తగ్గినచో పోయినది నీరే గనుక, డిస్టిల్డు వాటరు చేర్చిన చాలును. కారిపోయి తగ్గినచో మందుకూడ పోయినట్లే. పది లీటరులలో గ్లైకాల్ సగపాలు, అనగా నూటికి 50 వంతులు ఉన్నదనుకొనుడు. రెండు లీటరులు కారిపోగా నీరే పోసినచో 40కి దిగును. మరల అట్లే చేసినచో 32కి, మూడవసారి 26కి చేరును. తుప్పు మందులును అదే లెక్కన పలుచనగును. కావున కారుటను మాన్పించి, అదే రకము కూలెంటును తగు పాళ్ళలో చేర్చవలెను.

పొలములో అత్యవసరము ఏర్పడి, అదే రకము దొరకనిచో? తెలియని కూలెంటును కలుపుటకంటె కొద్దిగా మంచి నీరు చేర్చుట మేలు. అదియు దొరకనిచో, ఇంజను మాడిపోవుటకంటె ఏ నీరైనను నయమే. కాని ఇంజను చల్లారిన పిమ్మటనే పోయవలెను. కాగియున్న ఇంజనులో చన్నీరు పోసినచో హెడ్డు పగులవచ్చును. పని తీరిన వెంటనే మొత్తమును మార్చవలెను.

రకము మార్చు విధానము

లోపల ఏమున్నదో తెలియనప్పుడు, లేక వేరు రకమునకు మారదలచినప్పుడు ఈ క్రింది విధముగా చేయవలెను.

1. ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట మూత తీసి, రేడియేటరు, ఇంజను బ్లాకుల అడుగు బిరడాలు విప్పి పాత ద్రవమును పాత్రలోనికి దింపవలెను.
2. మంచి నీరు నింపి, థెర్మోస్టాటు తెరచుకొని పై గొట్టము వేడెక్కువరకు ఇంజనును నడిపి, చల్లార్చి దింపవలెను. తేట నీరు వచ్చువరకు ఇట్లు చేయవలెను. చివరిసారి డిస్టిల్డు వాటరు వాడవలెను.
3. గొట్టములను, బిగింపులను, మూత రబ్బరును పరీక్షించి, పాడైనవానిని మార్చవలెను.
4. క్రొత్త కూలెంటును మెల్లగా పోసి, కొంతసేపు ఇంజను నడిపి, గాలి పోయిన పిమ్మట మట్టము సరిచేయవలెను.
5. పోసిన రకము, తేదీ, గంటల మీటరు అంకె ఒక చీటీపై వ్రాసి రేడియేటరువద్ద అంటించవలెను. తరువాతివారు రంగు చూచి ఊహింప నక్కరలేదు.

ఇది విషమని మరువరాదు

ఇథిలీన్ గ్లైకాల్ రుచికి తీయగా నుండును. కుక్కలు, దూడలు మరిగి త్రాగును. లోనికి పోయినచో మొదట మత్తు కలిగించి, పిమ్మట మూత్రపిండములను చెరచి ప్రాణము తీయును. మనుష్యులకును ఇదే గతి. కావున దింపిన కూలెంటును కాలువలో, కుంటలో, పశువుల పాకవద్ద పారబోయరాదు. మూత గల డబ్బాలో పోసి వర్కుషాపువారికి అప్పగింపవలెను. త్రాగు నీటి సీసాలలో కూలెంటును ఎన్నడును నిలువచేయరాదు. పొరపాటున ఎవరైన త్రాగినచో, లక్షణములకై వేచియుండక, డబ్బాతోసహా వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. త్వరగా చేర్చినచో చికిత్స కలదు. పశువు త్రాగినచో పశువైద్యుని వెంటనే పిలువవలెను.

ముఖ్య విషయములు

రంగును గాక ప్రమాణమును చూచి కొనవలెను. ఒక రేడియేటరుకు ఒకే రకము వాడవలెను. కఠిన జలము కలుపరాదు. తెలియని దానిపై తెలిసినది పోయక, దింపి కడిగి మార్చవలెను. వేడిమీద మూత తీయరాదు. దమ్ములు మొదలగుటకు ముందే, తీరిక ఉన్నప్పుడే ఈ పని ముగించుకొన్న రైతు, అదునులో ట్రాక్టరుకొరకు ఇతరుల గడప త్రొక్కవలసిన పని లేకుండ నిశ్చింతగా సేద్యము చేసికొనగలడు.